సిలిండరు చెమట, టమాటా మరక, కలరా ఉండలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఆరింటిని ఒకచోట చేర్చాను. ఒకరు గ్యాసు సిలిండరు గురించి, మరొకరు టిఫిన్ డబ్బాకు పట్టిన మరక గురించి, ఇంకొకరు బట్టల బీరువాలో వేసే ఉండల గురించి అడిగారు. రాసినవారికి తెలియకపోయినా ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన ప్రశ్నలు. కర్బనం, హైడ్రోజన్ అనే రెండు మూలకాలు మాత్రమే కలిసి ఏర్పడే పదార్థాలను హైడ్రోకార్బన్లు అంటారు. అణువులో కర్బన పరమాణువు ఒక్కటే ఉంటే అది మీథేన్ వాయువు. మూడు నాలుగు ఉంటే వంటగ్యాసు. అయిదు నుంచి పన్నెండు దాకా ఉంటే పెట్రోలు. ఇరవై దాటితే కొవ్వొత్తి మైనం. వేల సంఖ్యలో గొలుసుకట్టుగా ఉంటే పాలిథిన్ సంచి. ఈ వరుస మనసులో పెట్టుకుని చదివితే కింది జవాబులు సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: సిలిండరు అయిపోవచ్చినప్పుడు మంట తగ్గుతుంది. అప్పుడు మా అత్తగారు దాన్ని పక్కకు పడుకోబెట్టి ఇంకో పూట వంట వెళ్ళదీస్తారు. అడుగున వేడినీళ్ళు పోస్తే ఇంకా వస్తుందని పక్కింటివారు చెబుతున్నారు. ఇది మంచిదేనా? అసలు సిలిండరుకు చెమట ఎందుకు పడుతుంది?
ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అత్తగారి పద్ధతిలో కొంత శాస్త్రం ఉంది, అంతకు మించిన ప్రమాదమూ ఉంది. రెండూ తెలియాలంటే సిలిండరులో ఏముందో ముందు చూడాలి. అందులో ఉన్నవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు హైడ్రోకార్బన్లు. మామూలు గాలి పీడనం దగ్గర ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్దే మరుగుతుంది, బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల వద్ద మరుగుతుంది. అంటే మన వాతావరణంలో రెండూ వాయువులే. అయితే కొద్దిపాటి ఒత్తిడికే అవి ద్రవంగా మారతాయి కనుక 33 లీటర్ల పైచిలుకు నీరు పట్టే సిలిండరులో 14.2 కిలోలు ద్రవరూపంలో నింపి, పైన సుమారు అయిదో వంతు చోటు వదిలేస్తారు. సిలిండరును కదిపినప్పుడు లోపల గళగళలాడేది ఆ ద్రవమే. పొయ్యిలోకి వచ్చేది మాత్రం ద్రవం కాదు, పైన ఖాళీలో చేరిన ఆవిరి.

మీరు పొయ్యి వెలిగించగానే ఆవిరి బయటికి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి లోపలి ద్రవం మరుగుతుంది. మరగడానికి వేడి కావాలి కదా. సిలిండరు కింద మంటేమీ లేదు కాబట్టి ఆ ద్రవం తనను తాకి ఉన్న ఇనుప గోడ నుంచి, ఆ గోడ చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. అందువల్ల ద్రవం ఉన్నంత మేరా గోడ చల్లబడి, గాలిలోని తేమ దాని మీద నీటి బొట్లుగా పేరుకుంటుంది. మీరు చూసిన చెమట అదే. ఎంత గ్యాసు మిగిలిందో తెలుసుకోవడానికి కొందరు సిలిండరు మీద తడిగుడ్డతో పైనుంచి కిందికి ఒక చార గీస్తారు. పైభాగం త్వరగా ఆరిపోయి, ద్రవం ఉన్న కింది భాగం తడిగానే నిలుస్తుంది. ఖర్చు లేని కొలబద్ద అది. పెళ్ళి వంటల దగ్గర పెద్ద పొయ్యిలకు పెట్టిన సిలిండర్లను నీళ్ళ తొట్టిలో నిలబెట్టడం కూడా మీరు చూసే ఉంటారు. గ్యాసు వేగంగా ఖర్చవుతుంటే గాలి అందించే వేడి చాలక సిలిండరు మీద మంచు కట్టేస్తుంది. మామూలు నీళ్ళు ఆ లోటును తీరుస్తాయి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ కుళాయి ధార సన్నబడుతుంది కాబట్టి సిలిండరు కూడా అంతేననుకుంటారు. నిజానికి లోపల గరిటెడు ద్రవం మిగిలి ఉన్నా, నిండుగా ఉన్నా, ఒకే వేడిమి దగ్గర పీడనం ఇంచుమించు ఒకటే. మంట తగ్గిందంటే ద్రవం దాదాపు పూర్తయిందని అర్థం. తేలికగా మరిగే ప్రొపేన్ ముందుగా వెళ్ళిపోయి బ్యూటేన్ ఎక్కువగా మిగలడం కూడా ఒక కారణం. చలికాలం ఉదయాలలో మంట మరీ నీరసించడానికి కారణం అదే. పడుకోబెట్టినప్పుడు మిగిలిన కొద్ది ద్రవం గోడ పొడవునా పరుచుకుని ఎక్కువ వేడిని అందుకుంటుంది కనుక మంట కాసేపు లేస్తుంది. మీ అత్తగారి పద్ధతిలోని శాస్త్రం ఇంతే. ద్రవం పూర్తిగా ఇంకిన తరువాత ఆ ఖాళీలో మిగిలే ఆవిరి, నా లెక్క ప్రకారం, రెండు మూడు వందల గ్రాములకు మించదు.

ఆ కాస్త కోసం తలపెట్టే సాహసం మాత్రం చిన్నది కాదు. పడుకోబెట్టిన సిలిండరులో వాల్వు దగ్గరికి ఆవిరికి బదులు ద్రవం చేరవచ్చు. రెగ్యులేటరు ఆవిరి కోసం తయారైనదే కాని ద్రవం కోసం కాదు. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువుగా విస్తరిస్తుంది, అది పొయ్యి దగ్గర ఎంత మంట అవుతుందో ఊహించుకోవచ్చు. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఏమీ కాకపోవడానికి కారణం అప్పటికి ద్రవం దాదాపు లేకపోవడమే. వేడినీళ్ళు అసలే వద్దు. వేడిమి పెరిగితే పీడనం పెరుగుతుంది, లోపల ఎంత ద్రవం ఉందో పోసేవారికి తెలియదు.

సిలిండరు త్వరగా అయిపోయిందన్న అనుమానం ఉంటే దానికి వేరే దారి ఉంది. పిడిని పట్టి ఉంచే పట్టీల మీద ఖాళీ సిలిండరు బరువు ముద్రించి ఉంటుంది. అది 15.3 అయితే ఇంటికి వచ్చిన నిండు సిలిండరు 29.5 కిలోలు తూగాలి. సరఫరాదారు ముందే తూచి చూపించమని అడగవచ్చు. అదే చోట ఎ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, దాని పక్కన సంవత్సరం కనిపిస్తాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అది సిలిండరుకు మళ్ళీ పరీక్ష జరగవలసిన గడువు. గడువు దాటినదాన్ని తీసుకోకండి.

ప్రశ్న: మా ప్రాంతంలో నేల నుంచి తీసే గ్యాసు, సిలిండరులో వచ్చే గ్యాసు ఒకటేనా? ఒకటే అయితే పైపు గ్యాసు పెట్టించుకున్నప్పుడు పొయ్యిని ఎందుకు మార్చారు?
ఇంటర్ విద్యార్థి, రాజోలు

జవాబు: ఒకటి కాదు. గోదావరి డెల్టాలో బావుల నుంచి వచ్చే సహజవాయువులో ప్రధానమైనది మీథేన్, అంటే కుటుంబంలో అందరికన్నా చిన్నది. దానిలో ఒక్కటే కర్బన పరమాణువు ఉంటుంది కాబట్టి అదే ఘనపరిమాణంలో ఉన్న వంటగ్యాసు ఇచ్చే వేడిలో సగం కూడా ఇవ్వదు. అందుకే పైపు గ్యాసు పొయ్యిలో జెట్టు, అంటే గ్యాసును బర్నరులోకి చిమ్మే ముక్కు, రంధ్రం పెద్దది. పాత జెట్టుతో పైపు గ్యాసు వాడితే మంట మినుకుమినుకుమంటుంది; పెద్ద జెట్టుతో సిలిండరు గ్యాసు వాడితే మంట ఎగసి గిన్నెలకు మసి పడుతుంది.

నీవు తప్పక గుర్తుంచుకోవలసిన తేడా ఇంకొకటి. మీథేన్ గాలి కన్నా తేలిక, దాదాపు సగం బరువు. అది లీకైతే పైకి లేచి, వెంటిలేటరు ఉంటే బయటికి పోతుంది. సిలిండరు గ్యాసు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు పైగా బరువు కనుక నేల మీదికి దిగి, గడప దాటి, పల్లంగా ఉన్న చోటికి నీరులా పాకుతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, అంటుకోగలదు. వంటింట్లో గ్యాసు వాసన వస్తే ఫ్యాను స్విచ్చి వేయవద్దని, రెగ్యులేటరు కట్టేసి తలుపులు బార్లా తెరవమని చెప్పడానికి కారణం ఇదే. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఆ వాసన కూడా గ్యాసుది కాదు. ఈ చిన్న హైడ్రోకార్బన్లకు దాదాపు వాసన ఉండదు. లీకు తెలియడం కోసం గంధకం ఉన్న ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థాన్ని బహుకొద్దిగా కలుపుతారు.

మీ ప్రాంతంవారికి ఈ వాయువు బలం పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి, రెండు నెలలకు పైగా మండింది. రాత్రిపూట కూడా పగటి వెలుతురే ఉండేదని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో గొట్టం నుంచి లీకైన వాయువు అంటుకుని ఇరవైమందికి పైగా మరణించారు. బావి నుంచి వచ్చే వాయువులో తేమ, బరువైన హైడ్రోకార్బన్లు కలిసి ఉంటాయి. వాటిని వేరుచేయకుండా పంపితే గొట్టం లోపలి నుంచే తుప్పు పడుతుంది. పైకి నునుపుగా కనిపించే గొట్టం లోపల ఎలా ఉందో తెలియాలంటే తరచు పరీక్షించడం తప్ప వేరే మార్గం లేదు.

ప్రశ్న: మా నాయనమ్మ కిరోసిన్‌ను గ్యాసునూనె అనేది. పెట్రోలు, కిరోసిన్ రెండూ ఒకే ముడిచమురు నుంచి వచ్చినప్పుడు పెట్రోలు అంత ప్రమాదం, కిరోసిన్ అంత నెమ్మది ఎందుకు?
ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: తెలంగాణలో గ్యాసునూనె, కోస్తాలో కిరసనాయిలు, పేరు ఏదైనా వస్తువు ఒకటే. కిరోసిన్ అనే మాటను 1854లో అబ్రహాం గెస్నర్ అనే కెనడా శాస్త్రవేత్త గ్రీకులో మైనం అనే అర్థం ఉన్న పదం నుంచి తయారు చేశాడు. 1859 ఆగస్టు 27న అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడినప్పుడు లోకానికి కావలసింది దీపాలలోకి కిరోసిన్ మాత్రమే. పెట్రోలును పనికిరాని ప్రమాదకరమైన సరుకుగా పారబోసేవారు. మోటారు కార్లు వచ్చాక వరుస తారుమారైంది. అయినా కిరోసిన్‌కు గౌరవం తగ్గలేదు; శంషాబాదు నుంచి లేచే విమానాలలో మండేది బాగా శుద్ధి చేసిన కిరోసినే.

ఇక మీ ప్రశ్న. అణువు చిన్నదైతే తేలికగా ఆవిరవుతుంది, పెద్దదైతే పక్క అణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగలిగినంత ఆవిరినిస్తుంది. పది నుంచి పదహారు కర్బన పరమాణువులు గల కిరోసిన్‌కు కనీసం 35 డిగ్రీలు కావాలని మన ప్రమాణాలు నిర్దేశించాయి. అందుకే చల్లని కిరోసిన్‌లో అగ్గిపుల్ల వేస్తే ఆరిపోవచ్చు, వత్తి ద్వారా పైకి లాగితేనే మండుతుంది. అయితే మీ జిల్లాలో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుందన్న సంగతి మరచిపోకండి. ఆ ఎండలో ఉంచిన కిరోసిన్ డబ్బా కూడా నెమ్మదస్తురాలు కాదు. పూర్వం స్టవ్వులు పేలి జరిగిన ఘోరాలలో కిరోసిన్‌కు పెట్రోలు కలిపిన కల్తీకి కూడా పాలు ఉంది.

ఇంకో చిన్న మాట, మీరు తరగతిలో చూపించడానికి పనికివస్తుంది. అదే కిరోసిన్ లాంతరులో పసుపుపచ్చగా, పంపు స్టవ్వులో నీలంగా మండుతుంది. స్టవ్వులో అది ముందే ఆవిరై గాలితో బాగా కలిసి పూర్తిగా మండుతుంది. లాంతరులో గాలి చాలక కర్బనం సన్నని మసి రేణువులుగా విడిపోయి, ఎర్రగా కాలి వెలుగుతుంది. అంటే లాంతరు వెలుగంతా ఆ మసిదే, ఆ మసే మిగిలి చిమ్నీకి పడుతుంది. దీపానికి కావలసిన మసి వంటకు శత్రువు.

ప్రశ్న: టమాటా పప్పు తీసుకెళ్ళిన ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా ఎర్రటి మరక పోవడం లేదు. స్టీలు డబ్బాకు పట్టని మరక దీనికే ఎందుకు పడుతుంది? అది ఆరోగ్యానికి హాని చేస్తుందా?
ఒక ఉద్యోగిని, హైదరాబాదు

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఇందులో మరకా హైడ్రోకార్బనే, డబ్బా కూడా హైడ్రోకార్బనే. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అణువులో నలభై కర్బన, యాభై ఆరు హైడ్రోజన్ పరమాణువులు తప్ప మరేమీ లేవు. హైడ్రోకార్బన్లంటే పెట్రోలు బంకు మాత్రమే గుర్తుకువచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు. క్యారెట్ రంగూ అంతే, నారింజ తొక్కను దీపం దగ్గర నొక్కితే చిటపటమని మెరిసే లిమొనీన్ అంతే, రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరూ అంతే.

మీ డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలిప్రొపిలీన్, 2 లేదా 4 ఉంటే పాలిథిన్. పాలిథిన్ పుట్టుక కూడా ఒక పొరపాటు ఫలితమే. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్ వాయువును మరో పదార్థంతో కలిపి విపరీతమైన పీడనానికి గురిచేస్తే, అనుకున్నది జరగకపోగా పాత్రలో మైనంలాంటి తెల్లని పదార్థం కొద్దిగా మిగిలింది. ఇథిలీన్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడవైన గొలుసులుగా మారడమే దానికి కారణం. మైనంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మైనం గొలుసునే ఎన్నో రెట్లు పొడిగిస్తే వచ్చేది పాలిథిన్.

నూనె నూనెలో కరిగినట్టు, నీరు నీటిలో కలిసినట్టు, ఒకే స్వభావం గల పదార్థాలు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. పోపులోని నూనెలో కరిగిన లైకోపీన్‌కు నీళ్ళకన్నా డబ్బా గోడే చుట్టం. మైక్రోవేవులో వేడి చేసినప్పుడు ప్లాస్టిక్ గొలుసులు కాస్త వదులై దాన్ని మరింత లోపలికి రానిస్తాయి. స్టీలు లోపలికి ఏదీ చొరబడదు. సబ్బు, పీచు పని చేసేది పైపైన మాత్రమే కనుక తోమి లాభం లేదు. డబ్బాను రెండు మూడు రోజులు ఎండలో బోర్లించకుండా పెట్టండి. లైకోపీన్ ఎండకు తట్టుకోలేదు, రంగు వెలిసిపోతుంది. పసుపు మరకకు కూడా ఈ మందు పనిచేస్తుంది.

మరక వల్ల హాని లేదు. అయితే నూనెలో కరిగేది డబ్బాలోకి వెళ్ళగలిగినప్పుడు డబ్బాలో కలిపినవి నూనెలోకి రాగలవు కదా. అందుచేత వేడివేడి కూరలను, నూనె తేలే పచ్చళ్ళను ప్లాస్టిక్‌లో ఉంచకపోవడమే నయమని నా అభిప్రాయం. ఆవకాయకు జాడీని మించినది ఇంకా పుట్టలేదు.

ప్రశ్న: కార్బైడుతో మాగవేయడం నేరమంటారు, ఇథిలీన్‌తో మాగవేయడానికి మాత్రం అనుమతి ఉందంటారు. రెండూ రసాయనాలే కదా?
మామిడి వ్యాపారి, నూజివీడు

జవాబు: రసాయనమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇథిలీన్‌ను పండు తానే తయారు చేసుకుంటుంది. వరిగడ్డిలో కాయలు పేర్చి మధ్యలో ఒక పండిన పండు పెడితే మిగిలినవి త్వరగా మాగడానికి ఆ పండు విడిచే ఇథిలీనే కారణం. మొక్కల మీద దాని ప్రభావాన్ని 1901లో నెల్యుబొవ్ అనే రష్యా శాస్త్రవేత్త కనిపెట్టాడు. అప్పట్లో వీధిదీపాల గ్యాసు లీకైన చోట చెట్ల ఆకులు రాలిపోవడం లోకులకు అంతుబట్టని వింతగా ఉండేది. మాగవేసే గదుల గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు ఇథిలీన్ వాడవచ్చని మన ఆహార భద్రత నిబంధనలు అనుమతిస్తున్నాయి.

కాల్షియం కార్బైడుకు తేమ తగిలితే వచ్చేది ఎసిటిలీన్, గ్యాసు వెల్డింగువారు వాడేది. అది ఇథిలీన్‌కు దగ్గరి బంధువే కాని పండును మాగించడంలో బలహీనమైనది. తొక్కకు పసుపు రంగు వచ్చినా లోపల పులుపు, గట్టిదనం మిగిలిపోతాయి. అసలు దోషం మరోచోట ఉంది. బజారులో దొరికే కార్బైడు వెల్డింగు కోసం తయారైనది, అందులో ఆర్సెనిక్, భాస్వరం సమ్మేళనాల మాలిన్యం ఉంటుంది. కాయల మధ్య పొట్లం కట్టి పెట్టినప్పుడు ఆ విషవాయువులు కాయల మీదికీ, పొట్లాలు కట్టే కూలీల ఊపిరిలోకీ చేరతాయి.

ప్రశ్న: బట్టల మధ్య పెట్టిన కలరా ఉండలు కొన్నాళ్ళకు మాయమవుతాయి. ఎక్కడికి పోతాయి? పసిబిడ్డ బట్టల దగ్గర పెట్టవద్దని డాక్టరుగారు ఎందుకు చెప్పారు?
ఒక బాలింత, గుంటూరు

జవాబు: అవి మీ ఇంటి గాలిలోకే పోతాయమ్మా. ఆ ఉండలు నాఫ్తలీన్ అయితే అణువులో పది కర్బన, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఇది కరగకుండానే, ద్రవంగా మారకుండానే నేరుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరే పురుగులను దూరంగా ఉంచుతుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలలో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను చిదిపివేసి, తీవ్రమైన పచ్చకామెర్లకు దారితీయగలదు. లోపం ఉందో లేదో పైకి తెలియదు కాబట్టి డాక్టరుగారు అందరికీ ఆ జాగ్రత్త చెబుతారు. బీరువాలోంచి తీసిన పాత పొత్తిగుడ్డలను ఉతికి, ఒకరోజంతా ఎండలో ఆరవేసి వాసన పూర్తిగా పోయాకే బిడ్డకు వాడండి.

ఇప్పుడు బజారులో ఇదే పేరుతో పారాడైక్లోరోబెంజీన్ ఉండలు కూడా అమ్ముతున్నారు. అందులో క్లోరిన్ ఉంది కనుక అది హైడ్రోకార్బన్ కాదు, బిడ్డ దగ్గర పెట్టదగినదీ కాదు. రెండింటినీ గుర్తుపట్టాలంటే తరువాత పారేయదలచిన గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, ఇక కరగదన్నంతవరకు ఉప్పు వేసి కలపండి. తేరుకున్నాక ఉండను అందులో వేస్తే నాఫ్తలీన్ తేలుతుంది, రెండవది మునుగుతుంది. ముద్దకర్పూరమైతే ఉప్పు లేని మంచినీళ్ళలోనే తేలుతుంది.